మీట నొక్కినచో నేమగును?



మా మేడిపల్లి మొదలుకొని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందలి పల్లెల నుండి చదువుకొన్న పిల్లలు పలువురు హైదరాబాదు నగరమునకు బోయి సాఫ్టువేరు సంస్థలలో పనిచేయుచున్నారు. వారిలో కొందరి యుద్యోగము పేరు 'టెస్టరు'. అనగా పరీక్షకుడు. వారి తాతలు నన్ను చూచినప్పుడు, "ప్రోగ్రాము వ్రాయువాడు వేరొకడట, అది సరిగా నున్నదో లేదో చూచుట మావాని పనియట. ఊరక చూచుటకు గూడ జీతమిత్తురా సారూ?" యని యడుగుచుందురు. ఇది నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. నేడు మన భూమి పట్టా, మన రేషను బియ్యము, మన పింఛను, తుదకు మన వోటు గూడ ఏదో యొక మీట నొక్కుటపైనను, ఆ మీట వెనుక నున్న ప్రోగ్రాముపైనను ఆధారపడి యున్నవి. ఆ మీటను పరీక్షించువాడు తన పనిని సరిగా చేయనిచో నష్టము మనదే. కావున ఆ పని యెట్టిదో నాకు తెలిసినంతవరకు విన్నవించెదను. నేను ముప్పది యేండ్లకు పైగా తెలుగు బోధించినవాడను. ఎన్నికల విధులలో బోలింగు కేంద్రములందు కూర్చున్నవాడను. ఈ రెండనుభవములును నాకీ విషయమున దోడ్పడినవి.

మొదట పారిభాషిక పదములు రెండు. సాఫ్టువేరు శాస్త్రమున 'ఈవెంటు' అనగా సంభవము. అనగా ఏదో యొకటి జరుగుట. మీట నొక్కుట యొక సంభవము. గడియారము ఆరు కొట్టుట యొక సంభవము. దూరము నుండి వార్త వచ్చి చేరుట యొక సంభవము. 'హ్యాండ్లరు' అనగా ఆ సంభవము జరిగినప్పుడు చేయవలసిన పనిని ముందుగానే వ్రాసి యుంచిన విధానము. దీనిని మనము నిర్వాహకమని పిలుచుకొందము.

మన పల్లెలలో నీరటికాని నెరుగని పెద్ద లేడు. చెరువు కట్టపై నతడు కాచుకొని యుండును. చెరువు నిండి మత్తడి దూకుట యొక సంభవము. ఫలానా తూము తీయుట యతని పని. అతడు నిరంతరము తూము తీయుచు మూయుచు నుండడు. సంభవము కొరకు వేచియుండును, సంభవింపగానే లేచును, పని ముగియగానే మరల కూర్చుండును. నేటి ప్రోగ్రాములలో బెక్కింటి స్వభావ మిదియే. అవి పురాణము వలె మొదటి పుట నుండి కడపటి పుట వరకు నడచునవి కావు. నీరటుల గుంపు వలె కాచుకొని యుండునవి. ఒక్కొక్క నీరటికి ఒక్కొక్క సంభవము నప్పగించి యుందురు. పరీక్షకుడు విచారింపవలసిన వివియే: ఈ సంభవమునకు నీరటి నసలు నియమించిరా? నియమించినవాడు ఈ చెరువువాడేనా, పొరుగూరి చెరువువాడా? తీయవలసిన తూమునే తీయుచున్నాడా? ఇద్దరు పరుగెత్తి వచ్చి చెప్పినచో రెండుమారులు తీయునా?

మనుష్యుని చేయి తగులకయే జరుగు సంభవములును గలవు. మన వ్యవసాయపు మోటార్లకు బిగించుచుండిన ఆటో స్టార్టరును తలచుకొనుడు. కరెంటు వచ్చుట సంభవము. మోటారు నడిపించుట దాని క్రియ. రాత్రి వేళ కరెంటు వచ్చినను రైతు పొలమునకు పోనక్కరలేదు. ఒంటరిగా పరీక్షించినచో అది దోషము లేని సాధనమే. కాని కరెంటు వచ్చిన క్షణముననే ఒక ట్రాన్సుఫార్మరు క్రింది మోటార్లన్నియు నొక్కుమ్మడిగా లేచినచో ఆ భారము ట్రాన్సుఫార్మరు భరింపజాలదు. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీ నుండి వ్యవసాయమునకు ఇరువది నాలుగు గంటల కరెంటు ఇచ్చుటకు ముందు, ఆటో స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరుట మీకు జ్ఞాపకముండును. ఎడతెగక కరెంటున్నప్పుడు ఎడతెగక మోటారు నడచును, భూగర్భజలము తరిగిపోవును గదా! ఆ పరికరము మారలేదు. దాని చుట్టునున్న పరిస్థితి మారినది. నిన్న సరియైన నిర్వాహకము నేడు హానికర మగుట ఇట్లే. అందుచేత పరీక్ష ఒకనాటితో ముగియునది కాదు.

ఇక మన మందరము స్వహస్తముతో నొక్కిన మీట యొద్దకు వత్తము. అది ఎలెక్ట్రానిక్ వోటింగు యంత్రము. దేశమున దీనిని తయారుచేయు సంస్థలు రెండే. ఒకటి బెంగుళూరు నందలి భారత్ ఎలెక్ట్రానిక్స్, రెండవది మన హైదరాబాదు నందలి ఇ.సి.ఐ.ఎల్. మొట్టమొదట 1982లో కేరళమందలి పరవూరు శాసనసభా నియోజకవర్గమున, కొన్ని కేంద్రములలో దీనిని వాడిరి. 2004 లోక్‌సభ యెన్నికలలో దేశమంతటను వాడిరి. ఇది బ్యాటరీతో నడచును గాన కరెంటు లేనిచోట గూడ పనిచేయును.

దీని భాగములు మూడు. అధికారి యొద్ద నుండునది కంట్రోలు యూనిటు. తెర చాటున వోటరు నొక్కునది బ్యాలెటు యూనిటు. ప్రక్కన చీటి చూపునది వి.వి.ప్యాటు. అధికారి తన యూనిటుపై 'బ్యాలెటు' అను మీట నొక్కగా అచట నెఱ్ఱదీపమును, వోటరు నెదుట పచ్చదీపమును వెలుగును. వోటరు తనకు నచ్చిన గుర్తు ప్రక్కనున్న నీలిమీట నొక్కగా, దాని చెంత నెఱ్ఱదీపము వెలుగును. అభ్యర్థి క్రమసంఖ్యయు, పేరును, గుర్తును ముద్రించిన చీటి గాజు వెనుక ఏడు సెకండ్లు కనిపించి తెగి పెట్టెలో పడును. తరువాత దీర్ఘముగ కూత వినవచ్చును. ఒక సంభవమునకు ఇన్ని క్రియలు! ఇవన్నియు సక్రమముగ జరుగుచున్నవో లేవో చూచుట యెట్లు?

ఇచ్చట వ్యాకరణము మనకు దోవ చూపును. తెలుగున అసమాపక క్రియలని కలవు. చేదర్థకము, అప్యర్థకము, వ్యతిరేక క్త్వార్థకము, శత్రర్థకము, క్త్వార్థకము అని మీరును బడిలో వల్లించినవారే. 'నొక్కినచో, నొక్కినను, నొక్కక, నొక్కుచు, నొక్కి'. పరీక్షకుని ప్రశ్న లన్నియు ఈ యైదింటిలో నిమిడియున్నవని నా యభిప్రాయము.

మొదటిది చేదర్థకము: నొక్కినచో నేమగును? ఇది యందరకు తోచు ప్రశ్న. కమలము నొక్కినచో కమలమునకు, చేయి నొక్కినచో చేతికి, కారు నొక్కినచో కారునకు పడవలెను. అయితే ఒకటి రెండు మీటలు నొక్కి చూచి తృప్తిపడరాదు. ప్రతి మీటను నొక్కవలెను. మా మేడిపల్లి వేములవాడ శాసనసభా నియోజకవర్గమున జేరి కరీంనగరు లోక్‌సభా స్థానము క్రిందికి వచ్చును గాని, మా పొరుగున నున్న కోరుట్ల, జగిత్యాలలు నిజామాబాదు స్థానము క్రిందివి. అచట 2019లో పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు తమ పంటలకు ధర కోరుచు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేయగా, మొత్తము 185 మంది అభ్యర్థులు నిలిచిరి. పై నెవ్వరికిని వేయనివారి కొరకు 'నోటా' ఒకటి. ఒక్కొక్క బ్యాలెటు యూనిటుపై పదునారు పేర్లు మాత్రమే పట్టును గనుక పండ్రెండు యూనిట్లను వరుసగా పేర్చి కలుపవలసి వచ్చెను. ఒక గదిలో 186 మీటలు! ప్రతి మీట వెనుకను పని యొక్కటియే, వోటు చేర్చుట. కాని ఏ మీట ఏ పేరునకు చెందునో ఆ ముడి వేరు వేరు. పని సరిగా నున్నను ముడి తప్పినచో ఒకని వోటు మరియొకనికి పోవును. నీరటి మంచివాడైనను చెరువు మారినచో ఫల మేమి?

రెండవది అప్యర్థకము: నొక్కినను ఏది జరుగరాదు? అనుభవము లేనివాడు ఈ ప్రశ్నను మరచును. అధికారి 'బ్యాలెటు' మీట నొక్కకముందు వోటరు తన మీటను నొక్కినను వోటు పడరాదు. ఒకమారు వోటు పడిన పిదప పదిమారులు నొక్కినను రెండవ వోటు పడరాదు. వోటింగు యంత్రమును అట్లే నిర్మించిరి. ఒక్కమారు పనిచేసిన పిదప అధికారి మరల అనుమతి నిచ్చువరకు ఆ నీరటి చెవులు మూసికొని యుండును. ఇదే నియమము సొమ్ము చెల్లించు ఫోనులలో గూడ నుండవలెను. సిగ్నలు మందముగా నున్నప్పుడు తెర కదలదు, మనకు తొందర, మరల నొక్కుదుము. ఆ రెండవ నొక్కు రెండవ చెల్లింపు కారాదు. మంచి పరీక్షకుడు తొందరపడు వృద్ధుని వలె, వణకు చేతివాని వలె, ఆటలాడు పిల్లవాని వలె మీట నొక్కి చూచును.

మూడవది వ్యతిరేక క్త్వార్థకము: నొక్కక ఏమైన జరుగుచున్నదా? ఎవ్వరును ముట్టకున్నప్పుడు యంత్రమున వోట్ల సంఖ్య సున్న యుండవలెను. అందుకే పోలింగు దినమున ఉదయమే అభ్యర్థుల ఏజెంట్లకు సున్నను చూపి మాక్ పోలింగు మొదలిడుదురు. శూన్యమును చూచుట గూడ పరీక్షయే. కొట్టు తెరువకముందే గల్లాలో సొమ్ముండిన సాయంకాలపు లెక్క నమ్మదగునా?

నాలుగవది శత్రర్థకము: ఒకటి జరుగుచుండగా మరియొకటి జరిగినచో నేమగును? చీటి ముద్రణ మగుచుండగా మరల మీట నొక్కినచో నేమి? రెండు మీటల నొక్కుమ్మడి నొక్కినచో నేమి? చెల్లింపు జరుగుచుండగా ఫోను బ్యాటరీ అయిపోయినచో నేమి? పై జెప్పిన ట్రాన్సుఫార్మరు కథ గూడ ఈ తరగతిలోనిదే. ప్రోగ్రాముల దోషములలో దొరకబుచ్చుకొనుటకు మిక్కిలి కష్టమైనవి ఇట్టివి; ఏలయనగా అవి ప్రతిమారును కనబడవు. వేయి సార్లు బాగుగ నడచి, వేయిన్నొకటవ సారి రెండు సంభవము లొకే క్షణమున గలిసినప్పుడు బయటపడును.

ఐదవది క్త్వార్థకము: ఒకటి చేసి మరియొకటి. అనగా వరుస. వోటింగు యంత్రమున 'క్లోజు' నొక్కి 'రిజల్టు' నొక్కవలెను. రిజల్టు చూచి 'క్లియరు' నొక్కవలెను. వరుస తప్పి నొక్కినచో యంత్రము ఒప్పుకొనదు. మాక్ పోలింగున కనీసము ఏబది వోట్లు వేసి, ఏజెంట్ల యెదుట ఫలితము చూచి, చీటీలతో సరిపోల్చి, ఆ వోట్లను క్లియరు చేసి, చీటీలను తీసి నల్లని కవరులో పెట్టి ముద్ర వేసి, అటుపిమ్మట అసలు పోలింగు మొదలు పెట్టవలెను. దేశమున అచ్చటచ్చట ఈ క్లియరు మీట నొక్కుట మరచుట గలదు. అప్పుడు మాక్ వోట్లు అసలు వోట్లతో కలిసిపోవును. ఎన్నికల సంఘము దీనికి నియమము చేసినది: అట్టి యంత్రమును లెక్కింపునందు ప్రక్కన పెట్టి, గెలుపోటముల వ్యత్యాసమునకు అది సంబంధించునంత స్వల్పముగ నున్నప్పుడు చీటీలను లెక్కింతురు. ఇచ్చట మీట దోషము లేదు, నిర్వాహకము దోషము లేదు. మనుష్యుని మరపు ఒక్కటే. కాని నేర్పరియగు పరీక్షకుడు మనుష్యుడు మరచును అనుటను గూడ ఒక సంభవముగనే లెక్కించును. మరచినచో హెచ్చరించు ఏర్పాటు గలదా యని యడుగును.

ఒకే సంభవమునకు రెండు పనులు ముడిపడినప్పుడు మరియొక చిక్కు గలదు. ఇది భూమి గలవారందరును వినవలసినది. పూర్వము పొలము కొన్నవాడు సబ్ రిజిస్ట్రారు కచ్చేరిలో దస్తావేజు చేయించుకొని, తరువాత తహశీలు కచ్చేరికి బోయి పట్టా మార్పిడికై వేరుగా దరఖాస్తు పెట్టుకొనవలసి యుండెను. ఈ రెంటికి నడుమ నెలలు గడచుటయు, రికార్డున అమ్మినవాని పేరే నిలిచియుండుటయు, దానినిబట్టి వివాదములు పుట్టుటయు మీరెరుగుదురు. 2020 సెప్టెంబరులో జేసిన చట్టము ననుసరించి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహశీల్దారునకే యప్పగించిరి. అదే సంవత్సరము అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టలులో రిజిస్ట్రేషనును, మ్యుటేషనును ఒకే కూర్చున్న చోట జరుగునట్లు చేసిరి. 2025 ఏప్రిల్ 14 నుండి దాని స్థానమున భూభారతి వచ్చినది. పోర్టళ్ల గుణదోషములు నేటి ప్రసంగ విషయము కావు. పరీక్షకుని దృష్టితో నొక్కమాట చెప్పెదను. ఒక సంభవము వెంట రెండు పనులు నడువవలసినప్పుడు, మొదటిది జరిగి రెండవది జరుగక నిలిచినచో, రెండును జరుగకుండుట కంటె నది యెక్కువ కీడు. కొన్నవాడు సొమ్ము పోగొట్టుకొనును, పేరు మారదు. కావున రెండును జరుగవలెను, లేదా రెండును రద్దు కావలెను, నడుమ నిలువరాదు. దీనిని చూచుటకు పరీక్షకుడు కావలయుననియే మొదటి పని పూర్తియైన క్షణమున తీగ తెంపి చూచును.

పరీక్షకు హద్దులు గూడ గలవు. వానిని దాచుట ధర్మము కాదు. పరీక్షకుడు వెలుపల నుండి చూచును. దీపము వెలిగినది, కూత వినబడినది. లోపల నేమి వ్రాయబడినది? దీపము వెలిగించు క్రియ వేరు, వోటు నమోదు చేయు క్రియ వేరు. మొదటిది చూచి రెండవది జరిగినదని యనుకొనుట నమ్మకమే గాని నిదర్శనము గాదు. అందుచేతనే కాగితపు చీటిని జోడించిరి. 2013లో నాగాలాండు నందలి నోక్సెను ఉపయెన్నికలో దీనిని మొదట వాడిరి. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ప్రతి శాసనసభా భాగమునందును చీట్లు వేసి తీసిన ఐదు యంత్రముల చీటీలను లెక్కించి సరిచూడవలెనని యాజ్ఞాపించెను. చీటీల నన్నిటిని లెక్కింపవలెనని కొందరు కోరగా, 2024 ఏప్రిల్ 26న ఆ న్యాయస్థానము దాని నంగీకరింపలేదు. ఎవరి యభిప్రాయము వారిది. కాని ఇరుపక్షములవారును ఒప్పుకొనవలసిన మాట యొకటి గలదు: ఏబది వోట్ల పరీక్ష తప్పు దొరికినచో తప్పున్నదని చెప్పగలదు, దొరకనిచో తప్పు లేనే లేదని చెప్పజాలదు. ఒక పరీక్షకు తోడు మరియొక సాక్ష్యము కావలెను. మంచి పరీక్షకుడు "దోషము లేదు" అనడు, "ఈ యీ విధముల జూచితిని, దోషము కనబడలేదు, ఈ విధముల జూడలేదు" అని వ్రాసి యిచ్చును. అట్లు వ్రాయుటకే జ్ఞానమును, నిజాయితీయు గావలెను. వాని జీతము చూచినందులకు గాదు. ఏది చూడవలెనో యెరిగినందులకు, చూడనిదానిని చూచితినని చెప్పనందులకు.

పెద్దలారా! మీలో ననేకులు పోలింగు ఏజెంట్లుగా కూర్చున్నవారు, కూర్చుండబోవువారు. పోలింగు ఏడు గంటలకనగా మాక్ పోలింగు చీకటితోనే మొదలగును. "ఏముంది, అది వారి తంతు" అని ఇంట టీ త్రాగి తీరికగా పోవువారు గలరు. ఆ గంటన్నర కాలమున మీరు టెస్టర్లు. సున్నను మీ కంటితో చూడుడు. ప్రతి మీటను నొక్కించుడు. ఎవరి కెన్ని వేసితిరో ఒక కాగితముపై గీతలు పెట్టుకొని ఫలితముతో, చీటీలతో సరిపోల్చుడు. అనుమతి లేనప్పుడు మీట నొక్కినను వోటు పడుటలేదని చూడుడు. క్లియరు చేసిన పిదప మరల సున్న వచ్చినదా యని యడుగుడు. ఇదంతయు చూచి సంతకము చేసినవానికి ఫలితము వెలువడిన దినమున యంత్రమును గూర్చి మాటలాడుటకు హక్కు గలదు. చూడక సంతకము చేసినవాడు పొగడినను, తెగడినను ఆ మాటకు విలువ తక్కువ.

మీ సేవా కేంద్రమున గాని, రేషను దుకాణమున గాని ఇదే నియమము. తెర మీద పచ్చగుర్తు కనబడినంతమాత్రమున లేచి రాకుడు. రశీదు అడుగుడు, దానిపై పేరును, సంఖ్యయు చదువుడు. చదువను రాని పొరుగువానికి మీరు చదివి పెట్టుడు. నొక్కినచో, నొక్కినను, నొక్కక, నొక్కుచు, నొక్కి. ఈ యైదు మాటలు నోటికి వచ్చినవారికి ఎంత క్రొత్త యంత్రము వచ్చినను ఏమడుగవలెనో తెలియును.